వరికోత యంత్రాలు, ట్రాక్టర్లలో ఎర్త్ పట్టీల ప్రయోజనం – లోపాల గుర్తింపు, సంరక్షణ

నాగార్జునసాగర్ ఎడమ కాలువ ఆయకట్టులోని మిర్యాలగూడ, కోదాడ ప్రాంతాలలోనూ, సూర్యాపేట పరిసరాలలోనూ వరికోత నేడు దాదాపు పూర్తిగా యంత్రాలపై ఆధారపడి ఉన్నది. గింజలో తేమ 20 నుండి 24 శాతం మధ్య ఉన్నప్పుడు కోయటం శ్రేయస్కరమని సస్యశాస్త్రం చెబుతుంది. ఆ దశ దాటిన కొద్దీ గింజ రాలుతుంది, చేను పడిపోతుంది. ఎండిన గింజ మంచుకో వానకో తడిసి మరల ఎండినప్పుడు లోపల సన్నని పగుళ్ళు ఏర్పడి, మిల్లులో నూక శాతం పెరుగుతుంది. కనుక కోత యంత్రం ఒక్క రోజు నిలిచిపోయినా ఆ నష్టం యంత్రం యజమానికే పరిమితం కాదు, వరుసలో వేచి ఉన్న రైతులందరికీ చేరుతుంది.

యంత్రం ఇట్లు నిలిచిపోవటానికి గల కారణాలలో అతి స్వల్పమైనదీ, అతి తక్కువగా గుర్తింపబడేదీ ఒకటి ఉన్నది. అది ఇంజనుకూ చట్రానికీ మధ్య, చట్రానికీ క్యాబిన్‌కూ మధ్య బిగించిన జానెడు రాగి అల్లిక పట్టీ. మెకానిక్కులు దీనిని ఎర్త్ పట్టీ అనీ, బాడీ ఎర్త్ అనీ వ్యవహరిస్తారు. ఇది తుప్పు పట్టినప్పుడు సెల్ఫ్ మోటారు మూలుగుతుంది, లైట్లు మసకబారుతాయి, మీటర్లు తప్పు చూపుతాయి. నింద మాత్రం బ్యాటరీపై పడుతుంది. కొత్త బ్యాటరీ వేసినా, సెల్ఫ్ మోటారు విప్పి బాగు చేయించినా ఫలితం కనిపించదు. ఈ పట్టీ చేసే పనిని, అది చెడే తీరును, చెడినట్లు క్షేత్రంలోనే నిర్ధారించే విధానాన్ని విస్తరణ శాస్త్రవేత్తలకు, విద్యార్థులకు వివరించటం ఈ వ్యాసం ఉద్దేశ్యం.

'ఎర్త్' అనే మాట కలిగించే భ్రమ

రైతుకు ఎర్తింగ్ అనగానే బోరు మోటారు స్టార్టరు పెట్టె వద్ద గుంట తవ్వి, ఉప్పు, బొగ్గు వేసి పాతిన గొట్టం గుర్తుకు వస్తుంది. అక్కడ ఎర్తింగ్ పని ప్రాణరక్షణ. మోటారు బాడీకి విద్యుత్తు సోకితే దానిని భూమిలోనికి పంపి, ఫ్యూజు పోయేటట్లు చేయటమే దాని లక్ష్యం. వాహనంలోని ఎర్త్ పట్టీ కూడా కరెంటును నేలలోనికి పంపుతుందని చాలామంది భావిస్తారు. ఇది పొరపాటు. వాహనం రబ్బరు టైర్లపై నిలిచి ఉంటుంది. ఎర్త్ పట్టీకి నేలతో ఎట్టి సంబంధమూ లేదు.

వాహనంలో విద్యుత్తు బ్యాటరీ ధన ధ్రువం నుండి బయలుదేరి, లైటు లేదా మోటారు గుండా పోయి, తిరిగి బ్యాటరీ రుణ ధ్రువానికే చేరాలి. పోవటానికి ఒక తీగ, రావటానికి ఒక తీగ కావాలి. ప్రతి పరికరానికీ రెండు తీగలు వేస్తే రాగి ఖర్చూ బరువూ పెరుగుతాయి. అందుచేత నిర్మాతలు ఇనుప చట్రాన్నే తిరుగు తీగగా వాడుకున్నారు. బ్యాటరీ రుణ ధ్రువాన్ని చట్రానికి కలిపి, ప్రతి పరికరం రెండవ కొసను దగ్గరలోని ఇనుముకు బిగించారు. పాతకాలపు కొన్ని ట్రాక్టర్లలో ధన ధ్రువాన్నే చట్రానికి కలిపేవారు. ధ్రువం ఏదైనా సూత్రం ఒక్కటే. వాహనంలో 'ఎర్త్' అనగా భూమి కాదు, బ్యాటరీకి తిరిగి చేర్చే లోహమార్గం. ఈ ఒక్క విషయం స్పష్టమైతే మిగిలినదంతా సులభంగా బోధపడుతుంది.

పట్టీ అవసరం ఎందుకు ఏర్పడింది

చట్రమంతా ఒకే ఇనుప ముక్క అయితే పట్టీలతో పని లేదు. అయితే ఇంజను అదురు డ్రైవరుకు తగలకుండా దానిని రబ్బరు దిమ్మెలపై నిలుపుతారు. క్యాబిన్‌ను రబ్బరు బుష్‌లపై కూర్చోబెడతారు. బానెట్టు కీలుపై తిరుగుతుంది, ఆ కీలుకు రంగూ గ్రీజూ ఉంటాయి. రబ్బరు, రంగు, గ్రీజు, తుప్పు, ఇవన్నీ విద్యుత్తుకు అడ్డుగోడలే. కంటికి ఒకే శరీరంగా కనిపించే వాహనం విద్యుత్తు దృష్టిలో అనేక దీవుల సముదాయం. ఆ దీవులను కలిపే వంతెనలే ఎర్త్ పట్టీలు.

ఇక్కడ ఒక భేదాన్ని గమనించాలి. సాధారణ ట్రాక్టరులో ఇంజను, గేరుపెట్టె, వెనుక ఇరుసు ఒకదానికొకటి నేరుగా బోల్టులతో బిగించబడి, అవే చట్రంగా పనిచేస్తాయి. కనుక అందులో ప్రధానమైనది బ్యాటరీ నుండి ఆ ఇనుముకు వచ్చే పట్టీ. వరికోత యంత్రంలోనూ, ధాన్యం తరలించే లారీలలోనూ ఇంజను రబ్బరు దిమ్మెలపై విడిగా ఉంటుంది. వాటిలో ఇంజనుకూ చట్రానికీ మధ్య పట్టీ తప్పనిసరి. పట్టీని ఏకపు కడ్డీగా కాక సన్నని రాగి తీగల అల్లికగా చేయటానికి కారణం కూడా ఇదే. ఇంజను నిరంతరం అదురుతుంది, గట్టి తీగ అయితే కొద్దికాలంలోనే విరుగుతుంది.

ఎర్త్ పట్టీ చేసే మూడు పనులు

మొదటిది, భారీ ప్రవాహానికి తిరుగు దారి ఇవ్వటం. 12 వోల్టుల వ్యవస్థలో డీజిల్ ఇంజనును తిప్పటానికి సెల్ఫ్ మోటారు 200 ఆంపియర్లు, అంతకు మించి కూడా తీసుకుంటుంది. ఆ ప్రవాహమంతా ఎర్త్ మార్గం గుండానే తిరిగి రావాలి. ఓమ్ నియమాన్ని అన్వయించి చూడండి. పట్టీ, దాని బోల్టుల మొత్తం నిరోధం 0.001 ఓమ్ అయితే 200 ఆంపియర్ల వద్ద వోల్టేజి నష్టం 0.2 వోల్టు మాత్రమే. తుప్పు వలన నిరోధం 0.01 ఓమ్‌కు పెరిగిందనుకుందాం. అదే ప్రవాహానికి నష్టం 2 వోల్టులు అవుతుంది, 400 వాట్ల శక్తి ఆ తుప్పు పట్టిన బోల్టు వద్ద వేడిగా మారుతుంది. వాస్తవంలో ప్రవాహం కూడా కొంత తగ్గి, మోటారు నీరసంగా తిరుగుతుంది. ఓమ్‌లో నూరవ వంతు నిరోధం ఇంజనును ఆపివేయటానికి చాలునన్నమాట.

పట్టీ పూర్తిగా తెగినప్పుడు మరింత ప్రమాదం ఉన్నది. ప్రవాహం ఆగదు, వేరొక దారి వెదుక్కుంటుంది. యాక్సిలరేటరు కేబులు, డీజిల్ గొట్టం లోహపు తొడుగు, హైడ్రాలిక్ హోసులోని ఉక్కు అల్లిక, బేరింగులు, ఇంజనునూ చట్రాన్నీ కలిపే లోహం ఏదైనా ఆ దారి కావచ్చు. సెల్ఫ్ కొట్టిన వెంటనే యాక్సిలరేటరు కేబులు వేడెక్కుతున్నదంటే ఎర్త్ పట్టీ లేనట్లే లెక్క. చుట్టూ ఎండుగడ్డి, పొట్టు, నూనె మరకలు ఉన్న కోత యంత్రంలో ఈ వేడి మంటకు దారి తీయగలదు.

రెండవది, అన్ని భాగాలనూ ఒకే పొటెన్షియల్ వద్ద ఉంచటం. 50 అశ్వశక్తికి మించిన ట్రాక్టర్లకు 2023 జనవరి నుండి ట్రెమ్-4 ఉద్గార ప్రమాణాలు అమలులోకి వచ్చిన తరువాత ఎలక్ట్రానిక్ నియంత్రణ గల ఇంజన్లు మన పొలాలలోకి విస్తృతంగా వచ్చాయి. వీటిలోని అనేక సెన్సార్లు 0 నుండి 5 వోల్టుల మధ్య సంకేతాన్నిస్తాయి. ఈ కొలతకు 'సున్నా' ఏది అన్నదే కీలకం. సెన్సారు ఎర్త్‌కూ కంట్రోల్ యూనిట్ ఎర్త్‌కూ మధ్య 0.25 వోల్టు తేడా వచ్చినా సంకేతంలో 5 శాతం దోషం చేరినట్లే. పాత యంత్రాలలో ఇదే లోపం హెడ్‌లైట్లు వేసినప్పుడు ఉష్ణోగ్రత ముల్లు కదలటంగా, హారన్ కొట్టినప్పుడు డీజిల్ ముల్లు ఊగటంగా కనిపిస్తుంది. కొలతబద్ద సరైనదే, దానిని ఆనించిన నేలే కదులుతున్నది.

మూడవది, విద్యుదయస్కాంత అలజడిని అణచటం, స్థిర విద్యుత్తును సమం చేయటం. ఆల్టర్నేటరు, వైపరు మోటారు, రిలేలు ఉన్నత పౌనఃపున్య తరంగాలను వెదజల్లుతాయి. ఎర్త్ లేని బానెట్టు లేదా క్యాబిన్ కప్పు ఆ తరంగాలను గ్రహించి తిరిగి ప్రసరింపజేసే ఏరియల్‌గా మారుతుంది. రేడియోలో గరగర, దిక్సూచి ఉపగ్రహ పరికరాలలో తడబాటు దీని పర్యవసానాలు. బానెట్టుకూ, తలుపులకూ విద్యుత్ పరికరమేదీ లేకపోయినా పట్టీ ఎందుకు వేస్తారన్న విద్యార్థుల సందేహానికి సమాధానం ఇక్కడ దొరుకుతుంది.

ఉన్నత పౌనఃపున్యాల వద్ద ప్రవాహం లోహం పైపొరలోనే నడుస్తుంది. అక్కడ ఓమ్‌ల నిరోధం కంటే ప్రేరకత్వం ముఖ్యం. 30 సెంటీమీటర్ల గుండ్రని తీగ ప్రేరకత్వం సుమారు 0.3 మైక్రోహెన్రీ. నేరు విద్యుత్తుకు అది దాదాపు సున్నా నిరోధమే అయినా, 100 మెగాహెర్ట్‌జ్ తరంగానికి అది సుమారు 190 ఓమ్‌ల అడ్డంకి. వెడల్పైన, పొట్టి పట్టీకి ప్రేరకత్వం తక్కువ. అందువలన పట్టీ పొడవు దాని వెడల్పునకు ఐదు రెట్లు మించకుండా ఉండటం ఉత్తమమని చెబుతారు. బానెట్టు పట్టీ పోయినప్పుడు దాని స్థానంలో పొడవాటి మామూలు వైరు ముక్క వేస్తే లైటు వెలుగుతుంది గాని అలజడి తగ్గదు.

ఎండుగడ్డి, పొట్టు, రబ్బరు బెల్టుల రాపిడి వలన పుట్టే స్థిర విద్యుత్తు ఒక భాగంపై పేరుకొని మరొక భాగానికి రవ్వగా దూకకుండా పట్టీ రెండింటినీ సమం చేస్తుంది. డీజిల్ ట్యాంకు మూతి గొట్టానికి కొన్ని వాహనాలలో విడిగా పట్టీ ఉండటానికి కారణం ఇదే.

ట్రాలీ లైట్లు – రాత్రి ప్రయాణపు భద్రత

కోతల కాలంలో సన్న ధాన్యం నింపిన ట్రాక్టర్లు మిర్యాలగూడ మిల్లుల ముందు బారులు తీరటం మనకు తెలిసినదే. వరుస కొద్దికొద్దిగా జరిగినప్పుడల్లా ఇంజనును ఆపటం, మరల సెల్ఫ్ కొట్టటం జరుగుతుంది. బ్యాటరీ తిరిగి నిండటానికి వ్యవధి దొరకదు. బలహీనమైన ఎర్త్ పట్టీ బయటపడేది ఇటువంటి చోటే. పొలంలో అతి కష్టం మీద ఆడిన ఇంజను వరుసలో మొరాయిస్తుంది.

అంతకంటే తీవ్రమైనది ట్రాలీ వెనుక లైట్ల సమస్య. చాలా ట్రాలీలలో వెనుక లైట్లకు ఒక్క తీగ మాత్రమే వేసి, తిరుగు దారిని కొక్కెం పిన్నుకు వదిలివేస్తారు. గ్రీజు, తుప్పు, మట్టి నిండిన ఆ పిన్ను కుదుపుకొకసారి కలుస్తుంది, విడిపోతుంది. సూర్యాపేట, కోదాడల మీదుగా సాగే 65వ జాతీయ రహదారిపై రాత్రివేళ వెనుక లైటు ఆరిన ధాన్యపు ట్రాలీ ఎంతటి ప్రమాదమో వేరుగా చెప్పనవసరం లేదు. బ్రేకు తొక్కగానే డ్యాష్‌బోర్డు దీపం సన్నగా వెలిగినా, ఇండికేటరుతో పాటు వెనుక దీపం కూడా మినుకుమన్నా బల్బు లోపమని భావించరాదు. ఎర్త్ దొరకని ప్రవాహం ఒక ఫిలమెంటు నుండి మరొక ఫిలమెంటులోకి మళ్ళి, వేరొక వలయం గుండా తిరుగు దారి వెదుక్కుంటున్నదని గ్రహించాలి. దీనికి పరిష్కారం చవకైనది. ట్రాలీకి ఏడు పిన్నుల సాకెట్టు అమర్చి, అందులో ఎర్త్‌కు కేటాయించిన మూడవ పిన్ను నుండి ప్రతి వెనుక దీపం వరకు విడి తీగ వేయటం.

మన పరిస్థితులలో పట్టీ చెడే తీరు

దమ్ము చేసేటప్పుడు బురద నీరు ట్రాక్టరు అడుగు భాగమంతా చేరుతుంది. రాగి పట్టీ, ఇనుప చట్రం, వాటి నడుమ తేమ, ఈ మూడూ కలిస్తే ఒక చిన్న విద్యుత్ ఘటం ఏర్పడి, రాగిని తాకిన చోట ఇనుము వేగంగా తుప్పు పడుతుంది. తగరం పూత పూసిన పట్టీ వాడితే ఈ ప్రభావం కొంత తగ్గుతుంది. ఎరువుల రవాణాలో రాలిన యూరియా, డీఏపీ పొడి తేమను పీల్చుకొని లవణ ద్రావణంగా మారుతుంది. అమ్మోనియా సంబంధిత లవణాలు రాగినీ ఇత్తడినీ తినివేస్తాయి. ఎరువులు మోసిన ట్రాక్టరులో పట్టీ కొసలు ఆకుపచ్చగా మారటం దీని గుర్తు.

కోత యంత్రానిది వేరొక కథ. యాసంగి కోతలు ముగిసిన తరువాత అది వానాకాలమంతా ఆరుబయట నిలిచి ఉండటం పరిపాటి. బోల్టుల కింద తుప్పు పెరిగేది ఈ విశ్రాంతి నెలలలోనే. దీనికి తోడు మరమ్మతులలో జరిగే పొరపాట్లు రెండు. ఇంజను దించి ఎక్కించినప్పుడు పట్టీని తిరిగి బిగించటం మరచిపోవటం ఒకటి, చట్రానికి కొత్తగా రంగు వేసి ఆ రంగు పైననే పట్టీని బిగించటం మరొకటి. రెండవ సందర్భంలో పట్టీ కంటికి కనిపిస్తుంది, పనిచేయదు.

పొలంలో చేసే వెల్డింగును ప్రత్యేకంగా ప్రస్తావించాలి. వెల్డింగు ఎర్త్ బిగింపును అందిన చోట తగిలిస్తే, నూరు ఆంపియర్లకు మించిన ప్రవాహం బేరింగులు, పట్టీలు, ఎలక్ట్రానిక్ యూనిట్ల మీదుగా పోవచ్చు. బిగింపును వెల్డింగు చేసే భాగానికే, అతుకుకు వీలైనంత దగ్గరగా తగిలించాలి. అంతకు ముందు బ్యాటరీ రుణ ధ్రువాన్ని విప్పాలి. నిర్మాత సూచన ఉంటే కంట్రోల్ యూనిట్ ప్లగ్గులను కూడా తొలగించాలి.

క్షేత్రస్థాయిలో నిర్ధారణ

మల్టీమీటరును ఓమ్‌లలో ఉంచి పట్టీని పరీక్షించటం తరచుగా జరిగే తప్పు. మీటరు తీగల నిరోధమే ఓమ్‌లో కొన్ని పదవ వంతులు ఉంటుంది. మనం వెదుకుతున్నది నూరవ వంతును. పైగా అల్లికలో ఒక్క పోగు మిగిలి ఉన్నా మీటరు దాదాపు సున్నానే చూపుతుంది. ఆ ఒక్క పోగు 200 ఆంపియర్లను మోయజాలదు. కనుక ప్రవాహం నడుస్తుండగా వోల్టేజి నష్టాన్ని కొలవటమే సరైన పరీక్ష.

1. గేరును న్యూట్రల్‌లో ఉంచి, పీటీవో లేదా కోత భాగాల క్లచ్చును విడిపించాలి. యంత్రం దగ్గర ఎవరూ లేకుండా చూడాలి. ఇంజను స్టార్టు కాకుండా డీజిల్ స్టాపును లాగి ఉంచాలి.

2. మీటరును డీసీ వోల్టులలో ఉంచి, నల్ల కొసను బ్యాటరీ రుణ ధ్రువపు సీసపు మొలకే ఆనించాలి. క్లాంపుకు ఆనిస్తే క్లాంపు లోపం బయటపడదు.

3. ఎర్ర కొసను ఇంజను బ్లాకుపై రంగు లేని చోట ఆనించి, ఐదు సెకన్లకు మించకుండా సెల్ఫ్ తిప్పించాలి. 0.2 వోల్టు లోపు ఉంటే మార్గం బాగున్నట్లు. 0.5 వోల్టు మించితే లోపం ఉన్నట్లు.

4. ఎర్ర కొసను వరుసగా క్లాంపుకు, చట్రానికి, పట్టీ రెండు కొసలకు జరుపుతూ పరీక్షను మరల చేయాలి. రీడింగు హఠాత్తుగా పెరిగిన చోటే లోపం ఉన్న అతుకు.

5. క్యాబిన్, బానెట్టు, ట్రాలీ విషయంలో ఇంజను నడుస్తుండగా లైట్లన్నీ వేసి ఇదే విధంగా కొలవాలి. ఇక్కడ 0.1 వోల్టుకు మించరాదు.

మీటరు లేనిచోట మరొక ఉపాయం ఉన్నది. బ్యాటరీ రుణ ధ్రువం నుండి ఇంజను బ్లాకుకు మందపాటి జంపర్ కేబులును నేరుగా కలిపి సెల్ఫ్ కొట్టాలి. అంతవరకు మూలిగిన మోటారు హుషారుగా తిరిగితే దోషం ఎర్త్ మార్గంలోనే ఉన్నది, బ్యాటరీ కొనవలసిన పని లేదు.

మరమ్మతు, సంరక్షణ

ముందుగా బ్యాటరీ రుణ ధ్రువాన్ని విప్పాలి, పని ముగిశాక చివరగా దానినే బిగించాలి. పట్టీ ఆనే చోట రంగునూ తుప్పునూ మెరిసే లోహం కనిపించేవరకు గీకాలి. పళ్ళ వాషరు వేసి గట్టిగా బిగించి, ఆ తరువాతనే పైన పెట్రోలియం జెల్లీ గానీ రంగు గానీ పూయాలి. ఈ క్రమం తారుమారు కారాదు. కొత్త పట్టీ మందం బ్యాటరీ కేబులుకు తగ్గకుండా ఉండాలి. అదురుకు తగిన వదులు ఉండాలి, అయితే సైలెన్సరుకూ తిరిగే బెల్టులకూ దూరంగా ఉండాలి. పట్టీలో నాలుగవ వంతు పోగులు తెగినట్లు కనిపించినా మార్చివేయటమే మేలు.

ఎర్త్ పట్టీ చేయని పనిని కూడా రైతుకు చెప్పవలసి ఉంటుంది. కోత యంత్రపు ధాన్యం గొట్టం పొలంలో వేలాడే 11 కె.వి. తీగకు తగిలితే ఎర్త్ పట్టీ కాపాడదు. విద్యుత్ సరఫరా నిలిపివేసే వరకు డ్రైవరు క్యాబిన్‌లోనే ఉండాలి, ఇతరులెవరూ యంత్రాన్ని తాకరాదు. మంట లేచి దిగక తప్పనప్పుడు యంత్రాన్నీ నేలనూ ఒకేసారి తాకకుండా, రెండు పాదాలూ జతగా ఉంచి దూకి, పాదాలు ఎడం కాకుండా చిన్నగా జరుగుతూ దూరం పోవాలి. 'ఎర్త్ ఉంది కదా' అన్న ధీమా ఇక్కడ ప్రాణాంతకం.

విస్తరణ శాస్త్రవేత్తలకు సూచన

ఈ మూడు ప్రాంతాలకు గడ్డిపల్లి, కంపాసాగర్ కృషి విజ్ఞాన కేంద్రాలు అందుబాటులో ఉన్నాయి. వానాకాలపు కోతలకు ముందు సెప్టెంబరులో ఒకసారి, యాసంగి కోతలకు ముందు మార్చి ఆరంభంలో ఒకసారి యంత్ర యజమానులకూ డ్రైవర్లకూ ఈ పరీక్షను ప్రత్యక్షంగా చేసి చూపవచ్చు. కావలసినవి ఒక మల్టీమీటరు, ఒక తీగల బ్రష్షు, రెండు స్పానర్లు. ఒక్కొక్క యంత్రానికి అరగంట చాలు. విద్యార్థులు గ్రామీణ వ్యవసాయ అనుభవ కార్యక్రమంలో తాము ఉండే గ్రామంలోని ట్రాక్టర్లపై మూడవ అంశంలోని రీడింగును నమోదు చేసి, పట్టీని శుభ్రపరచిన తరువాత మరల నమోదు చేస్తే, ఓమ్ నియమం పాఠ్యపుస్తకం దాటి పొలానికి వచ్చినట్లవుతుంది.

కోతకు అనువైన రోజులు కొన్నే. విత్తనం, నీరు, ఎరువు, సస్యరక్షణ, అన్నీ సక్రమంగా అందిన పంట చివరి దశలో జానెడు పట్టీ మూలంగా చేనులో వేచి ఉండకూడదు. బ్యాటరీని అనుమానించే ముందు దాని తిరుగు దారిని పరీక్షించటం ఆపరేటర్లకు అలవాటు కావాలి.